బీఎమ్‌డబ్ల్యూ 330ఎల్‌ఐ: అనంతపురం దారుల్లో ఈ బండి ఎవరికి?

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒక పెద్దాయన లెక్కలు చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. మొన్న వేసవిలో ఆయన అనంతపురంలోని మా ఆఫీసుకు వచ్చి, చొక్కా జేబులోంచి రెండు కొటేషన్లు తీసి నా టేబుల్ మీద పక్కపక్కన పరిచారు. ఒకటి టొయోటా వారి ఎత్తైన ఎస్‌యూవీ ఫార్చ్యూనర్‌ది, రెండోది బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్‌లో పొడవు పెంచిన 330ఎల్‌ఐ అనే సెడాన్‌ది. "రెండిట్లో ఏది కొంటే లెక్కల్లో మేలప్పా?" అని అడిగారు. లెక్కల వరకైతే పది నిమిషాల్లో జవాబు చెప్పాను గానీ, కొటేషన్లు మడిచి జేబులో పెట్టుకునేటప్పుడు ఆయన ముఖం చూస్తే అసలు సందేహం అలాగే మిగిలిపోయిందని తెలిసింది. ఇంత డబ్బు పెట్టి కొనే ఆ సెడాన్ తన వంటి మనిషి కోసం, తన వంటి ఊరి కోసం తయారైందా లేదా అన్నది ఆయన తెలుసుకోదలచిన సంగతి. బెంగళూరులో ఉండే మా బావమరిది దగ్గర 2023లో కొన్న అదే బండి ఉంది. దాన్ని నాలుగు రోజుల కోసం అడిగి తీసుకుని, బెంగళూరు నుంచి అనంతపురానికి, అక్కడి నుంచి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడపకు, మళ్లీ అదే దారిన వెనక్కు, మొత్తం 700 కిలోమీటర్ల పైన నడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా బండి వివరం చెప్పాలి. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ 258 హార్స్‌పవర్‌నూ, చక్రాలను తిప్పే బలమైన 400 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ ఇస్తుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టె ఆ బలాన్ని వెనక చక్రాలకు అందిస్తుంది. నిలబడిన చోటి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని 6.2 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెబుతుంది. ఇందులోనే డీజిల్ రకం 320ఎల్‌డీ కూడా వచ్చింది, దానికి 190 హార్స్‌పవర్ బలం, టార్క్ మాత్రం పెట్రోల్ బండికి సమానంగా 400. పేరు చివర కనిపించే 'ఎల్' అన్న అక్షరమే ఈ బండి కథలో కీలకం. మామూలు 3 సిరీస్‌లో ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి దూరం 2,851 మిల్లీమీటర్లు ఉంటే, ఇందులో అది 2,961 మిల్లీమీటర్లు. పెరిగిన ఆ 110 మిల్లీమీటర్లలో కొంత భాగం వెనక సీటులో కూర్చునేవారి మోకాళ్ల ముందు జాగాగా మిగిలింది. మన దేశంలో దీన్ని 2021 జనవరిలో గ్రాన్ లిమొసీన్ అన్న పేరుతో విడుదల చేశారు. 2023 జనవరిలో ముఖం మార్చి తెచ్చినప్పుడు 330ఎల్‌ఐ ఎం స్పోర్ట్ షోరూము ధర 57.90 లక్షల రూపాయలు. చెన్నై పక్కన చెంగల్పట్టు దగ్గర ఉన్న కర్మాగారంలో దీన్ని బిగిస్తారు. 2007లో ఆ కర్మాగారం మొదలైనప్పుడు బయటికి వచ్చిన మొదటి బండి కూడా 3 సిరీసే.

దూకుడుగా నడిచే నాలుగు తలుపుల బండి అన్న ఆలోచన ఈ కంపెనీని ఒకప్పుడు మునిగిపోకుండా కాపాడిందన్న సంగతి, లెక్కలు రాసేవాడిగా నాకు చాలా ఇష్టమైనది. 1959 డిసెంబరులో బీఎమ్‌డబ్ల్యూ నష్టాల్లో కూరుకుపోయి, పోటీదారైన, మెర్సిడెస్ బండ్లు చేసే డైమ్లర్ బెంజ్ చేతికి వెళ్లిపోయే దశకు వచ్చింది. వాటాదార్ల సమావేశంలో చిన్న వాటాదార్లూ డీలర్లూ ఎదురు తిరిగారు, పరిశ్రమల యజమానులైన క్వాంట్ కుటుంబం డబ్బు పెట్టి నిలబెట్టింది. ఆ తరువాత 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించిన 1500 అనే సెడాన్‌తో కంపెనీ దశ తిరిగింది. ఖరీదైన పెద్ద బండ్లకూ చవకైన బుడ్డ బండ్లకూ నడుమ మరేదీ లేక అల్లాడుతున్న కంపెనీకి ఆ బండి కొత్త కొనుగోలుదారులను చూపించింది. ఉద్యోగంలోనో వృత్తిలోనో పైకి వస్తున్నవారు, ఇంట్లో పిల్లలున్నవారు, కానీ స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మనసొప్పనివారు దాన్ని కొన్నారు. 1975లో వచ్చిన మొదటి 3 సిరీస్‌కు రెండే తలుపులుండేవి. 1982లో వచ్చిన రెండో తరానికి మరుసటి ఏడు నాలుగు తలుపుల రకం చేరింది. మెర్సిడెస్ 190 కూడా 1982 చివరలోనే బయటికి వచ్చింది. ఆ తరువాత వచ్చిన సీ క్లాస్, ఆడి ఏ4, లెక్సస్ ఐఎస్, జాగ్వార్ ఎక్స్ఈ వంటివన్నీ ఆ ఒక్క మనిషి కోసం జరిగిన పోటీలో పుట్టినవే.

అయితే ఆ మనిషి ఒక్కో దేశంలో ఒక్కో రకంగా కనిపిస్తాడు. జర్మనీలో ఈ తరగతి బండ్లలో చాలా భాగాన్ని కంపెనీలు తమ ఉద్యోగుల కోసం తీసుకుంటాయి. ఆఫీసు బండిని సొంతానికి వాడుకునే ఉద్యోగి ఆదాయానికి, ఆ బండి ప్రకటిత ధరలో నూటికి 1 శాతాన్ని ప్రతి నెలా కలిపి పన్ను వేసే పద్ధతి అక్కడ ఉంది; కాబట్టి కొనుగోలుదారు చూసే మొదటి అంకె బండి ధర అయినా, అతని మనసులో తిరిగేది తన జీతం నుంచి కోతపడే పన్ను. బ్రిటన్‌లో ఆ పన్ను బండి వదిలే కార్బన్ డయాక్సైడ్ మీద ఆధారపడుతుంది, అందుకే అక్కడి అమ్మకందారు ఇంజన్ బలం కంటే ముందు పొగ లెక్క చెబుతాడు. అమెరికాలో మూడేళ్ల లీజు మీద తీసుకుని, నెలవారీ కట్టుబడిని చూసి ఎంచుకునేవారే ఎక్కువ. ఈ మూడు చోట్లా నడిపేవాడూ బండిని ఎంచుకునేవాడూ ఒక్కడే, ముందు సీటులో కూర్చునేవాడే. చైనాకు వచ్చేసరికి లెక్క మారిపోయింది. బండి తానే నడిపినా వెనక కూర్చునే తల్లిదండ్రులకు కాళ్లు చాపుకునే జాగా ఉండాలన్నది అక్కడి కుటుంబాల పట్టింపు, డ్రైవరును పెట్టుకునేవారికైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే 2012లో బీజింగ్ ప్రదర్శనలో బీఎమ్‌డబ్ల్యూ మొదటిసారిగా పొడవు పెంచిన 3 సిరీస్‌ను చూపించింది. మన దగ్గరికి వచ్చిన పొడవు బండి ఆ ఆలోచనకు కొనసాగింపే. ఒకే బండికి ఇద్దరు యజమానులను మెప్పించవలసిన బరువు ఇక్కడే మీద పడింది.

ముందు సీటు యజమాని సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే నాకు ఈ బండి మీద గౌరవం కలిగింది అక్కడే. మా బావమరిది తాళం చేతిలో పెట్టినప్పుడు బెంగళూరులో తెల్లవారి ఐదు గంటలు. హెబ్బాల ఫ్లైఓవర్ దాటి దేవనహళ్లి విమానాశ్రయం మలుపు దాకా ఇది కూడా ఒక సుఖమైన బండి అన్న భావన తప్ప ఇంకేమీ కలగలేదు. చిక్కబళ్లాపురం దాటి, కొండల నడుమ రోడ్డు వంపు తిరిగే చోట మొదటిసారి బండి తన స్వభావం చూపించింది. వంపులోకి స్టీరింగ్ ఎంత తిప్పితే ముక్కు అంతే తిరుగుతుంది, ఆ తరువాత చేతితో సవరించవలసిన పని ఉండదు. పొడవు పెంచినా బరువు ముందు వెనక చక్రాల మీద సమానంగా పడేటట్లు చూసుకున్నారన్నది ఆ వంపులో వెన్నుకు తెలుస్తుంది. ముందర ధాన్యం లారీ, దాని పక్కన దాన్ని దాటబోయి దాటలేక నలిగిపోతున్న ఇంకో లారీ ఉన్నప్పుడు, జాగా దొరికిన మరుక్షణం 60 నుంచి 100కు బండి ఎంత తొందరగా అందుకుంటుందన్నదే 44వ నంబరు జాతీయ రహదారి మీద అసలు పరీక్ష. కాలు కొద్దిగా నొక్కగానే గేరు పెట్టె రెండు గేర్లు కిందికి దిగి, ఇంజన్ గొంతు ఒక్కసారి చిక్కబడి, మనం ఒకటి రెండు లెక్కపెట్టేలోగా రెండు లారీలూ అద్దంలోకి వెళ్లిపోతాయి. నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగం 100 అని 2018లో కేంద్రం నిర్ణయించింది, నేను దాన్ని దాటలేదు. జర్మనీ రోడ్ల మీద 200కు పైన నడిపే బలాన్ని మన దగ్గర 100 లోపల ఏం చేసుకోవాలన్న ప్రశ్నకు నాకు ఆ ఉదయమే జవాబు దొరికింది. ఆ బలం దాటేటప్పుడు ఎదుటి వరస భయాన్ని తగ్గిస్తుంది. అంతే గట్టిగా పట్టే బ్రేకు, రోడ్డుకు అడ్డంగా మేకల మంద దిగినప్పుడు అక్కరకు వస్తుంది. కొడికొండ చెక్‌పోస్టు దాటాక ఒకసారి నిజంగానే దిగింది కూడా.

పెనుకొండ దగ్గర కియా కర్మాగారం ముందు కొత్త కార్లు మోసే పొడవాటి ట్రక్కులు వరసగా రోడ్డెక్కుతుంటే వాటి వెనక కొంతసేపు నెమ్మదిగా వెళ్లవలసి వచ్చింది. 2019 నుంచి ఇక్కడే కార్లు తయారవుతున్నందున మా ప్రాంతం వారికి బండి అనేది దూరపు వస్తువుగా లేదు. టీ అంగడి దగ్గర నిలబడితే సస్పెన్షన్ గురించి, ప్లాట్‌ఫారం గురించి మాట్లాడే కుర్రవాళ్లు కనిపిస్తారు. ఆ అంగడి ముందు ఆగినప్పుడు ఒక అబ్బాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగు భాగం చూసి, "అన్నా, మా ఊరి దారిలో ఇది తగలదా?" అని అడిగాడు. మూడో రోజు ఆ మాటే నిజమైంది.

ఇక వెనక సీటు. మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. అనంతపురంలో ఇంటి ముందు ఆమెను ఎక్కించినప్పుడు కాళ్లు చాపుకోవడానికి ఇంత జాగా ఉందే అని సంతోషించింది. ఇంటి నుంచి తాడిపత్రి దాకా గంటకు పైగా ప్రయాణంలో ఒక్కసారి కూడా సర్దుకుని కూర్చోలేదు. సీటు పరుపు తొడ కింద నిండుగా ఆనుతుంది, తల ఆనించే చోటు మెత్తగా ఉంది, బయటి లారీల హారను లోపలికి సన్నగా వినిపిస్తుంది. కానీ దిగవలసిన చోట తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాక ఆమె అక్కడే ఆగిపోయింది. నేల దగ్గరగా ఉంది, సీటు దాని కంటే కాస్తే ఎత్తుగా ఉంది; లేవాలంటే బరువంతా మోకాళ్ల మీద వేయాలి. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాచి, "పట్టుకో నాయనా" అంది. ఈ బండి ఎత్తు 1,440 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, ఫార్చ్యూనర్ ఎత్తు 1,835. ఆ తేడా మూరకు కాస్త తక్కువ. ఫార్చ్యూనర్‌లోకి ఎక్కడానికి మెట్టు మీద కాలు పెట్టాలి, అదీ మా అమ్మకు కష్టమే. కానీ దిగేటప్పుడు మనిషి నిలువుగా దిగుతాడు, లోతులోంచి పైకి లేవనక్కర్లేదు. వెనక సీటు కోసమే పొడవు పెంచామని చెప్పే బండిలో పెద్దవాళ్లు సుఖంగా కూర్చోగలరు, సుఖంగా దిగలేరు. వెనక చక్రాలకు బలం వెళ్లే ఇరుసు కోసం నడుమ నేల దిబ్బలా లేచి ఉంటుంది కాబట్టి ఐదో మనిషి కూర్చుంటే ఆ మనిషి కాళ్లు ఎటూ కాకుండా పోతాయి. నలుగురి బండిగా చూసుకోవడమే మంచిది.

మూడో రోజు పెద్దాయన తన చీనీ (బత్తాయి) తోట చూద్దామన్నారు. రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు మట్టి దారిన వెళ్లాలి. నేలకూ బండి అడుగుకూ నడుమ జాగా జానెడు కూడా లేదన్నది నాకు గుర్తుంది. అందుకే ఊరి మొదట్లో రంగు వేయని ఎత్తైన స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించుతూ దాటాను. దాటాను అనుకుంటుండగానే, నలుగురం కూర్చున్న బరువుకు బండి నడుము కిందికి దిగి, కింద రాయి మీద గీసుకున్న చప్పుడు వినిపించింది. పొడవు పెరిగిన కొద్దీ రెండు చక్రాల నడిమి భాగం ఇటువంటి గట్ల మీద ముందుగా తగులుతుంది, అది జ్యామితి. నడిపేవాడి నేర్పు దాన్ని కొంతవరకే కాపాడుతుంది. తోట గేటు ముందు ట్రాక్టరు చక్రాలు చేసిన గాడులు చూసి, నేను బండిని చింతచెట్టు కింద ఆపేశాను. మిగిలిన దూరం మేమంతా నడిచే వెళ్లాం. పెద్దాయన ఏమీ అనలేదు, కానీ ఆయన రోజూ తన పాత బొలేరోలో ఆ గేటు లోపలికే వెళ్లి దిగుతారు.

టైర్ల గురించి ఒక మాట. ఈ బండికి రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. గాలి పూర్తిగా పోయినా టైరు పక్కగోడ గట్టిగా ఉండి బరువు మోస్తుంది కాబట్టి, వేగం 80 దాటకుండా మరో 80 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. రాత్రిపూట ఇంటి ఆడవాళ్లు ఒంటరిగా వస్తుంటే ఈ ఏర్పాటు ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు. కానీ ఆ 80 కిలోమీటర్ల లోపల ఆ కొలత టైరు దొరికే అంగడి ఉండాలి కదా. నిరుడు మా బావమరిది ధర్మవరం వైపు ఒక గుంతలో పడేసి టైరు పక్కగోడ ఉబ్బించుకున్నాడు. ఆ కొలత మా ఊళ్లో ఎక్కడా లేదు, తెప్పిస్తామన్న అంగడివారు రోజుకొక మాట చెప్పి, ఐదో రోజుకు లేదన్నారు, చివరికి బండిని లారీ మీద బెంగళూరు చేర్చవలసి వచ్చింది. ఇక్కడ ఈ బండి కొనేవారు ఒక టైరును కొని ఇంట్లో పెట్టుకోవాలన్నది నా సలహా. సర్వీసుకు కూడా మాకు దగ్గర బెంగళూరే. కర్నూలు వారికి బెంగళూరుకు బదులు హైదరాబాదు. పొద్దున వెళ్లి సాయంత్రం బండి తెచ్చుకోవాలంటే ఒక రోజు పని వదులుకోవాలి.

ఇదంతా చూశాక రాయలసీమలో ఈ బండి కొనేవారెవరన్న ప్రశ్నకు వద్దాం. ఈ ధరకు బండి కొనగల చేతులు మా దగ్గర లేవని ఎవరూ అనుకోనక్కర్లేదు. తాడిపత్రి, బేతంచెర్ల బండల వ్యాపారులున్నారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీల మీద ఆధారపడిన రవాణా వ్యాపారులున్నారు. ఆదోని పత్తి వ్యాపారులు, రోడ్డు కాంట్రాక్టర్లు, ఆసుపత్రులు కట్టుకున్న డాక్టర్లు ఉన్నారు. నా అనుభవంలో వీరిలో ఎక్కువమంది ఎత్తైన బండే కొంటారు, దానికి గట్టి కారణాలున్నాయి. పనిచోటికి మట్టి దారిన వెళ్లాలి. పెళ్లికో పంచాయితీకో వెళ్లేటప్పుడు వెంట నలుగురైదుగురు వస్తారు, వాళ్లను వద్దనడం మర్యాద కాదు. ఎదురుగా వచ్చేవారికి లోపల ఎవరున్నారో దూరం నుంచే తెలియాలి. అర్ధరాత్రి గుత్తి దగ్గర ఏదైనా చెడితే మరమ్మతు చేసే మనిషి దొరకాలి. నాలుగైదేళ్ల తరువాత అమ్మితే అడిగినంత రావాలి. వెనక సీటులో మోకాలి జాగా అన్నది ఈ వరసలో చాలా కిందికి వస్తుంది. బెంగళూరు షోరూముల్లో మా ప్రాంతపు వ్యాపారి కనిపించగానే వెనక తలుపు తెరిచి కాళ్లు చాపి చూడమనడం నేను స్వయంగా చూశాను. ఆ అమ్మకందారు బెంగళూరు ట్రాఫిక్‌లో రెండు గంటలు వెనక సీటులో ఫైళ్లు చదివే యజమానిని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. తాడిపత్రి వ్యాపారి జీవితంలో ఆ రెండు గంటలు లేవు. ఆయన వెనక సీటులో కూర్చున్నా చూపు రోడ్డు మీదే ఉంటుంది.

ఈ బండికి మా దగ్గర సరిపోయే మనిషి వేరే ఉన్నాడని నాకు గట్టిగా అనిపిస్తోంది. 44వ నంబరు రహదారి అనంతపురాన్ని ఒకవైపు బెంగళూరుకు, మరోవైపు కర్నూలు మీదుగా హైదరాబాదుకు కలుపుతుంది. దేవనహళ్లి విమానాశ్రయం బెంగళూరుకు మా వైపునే ఉంది, నగరంలోకి అడుగు పెట్టకుండానే విమానం ఎక్కవచ్చు. వారానికో పదిహేను రోజులకో ఆ దారిన తానే బండి నడుపుకుంటూ వెళ్లి వచ్చే డాక్టర్లు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రాత్రి అమ్మానాన్నల దగ్గరికి బయలుదేరే పిల్లలు, విదేశం నుంచి తిరిగి వచ్చి తండ్రి వ్యాపారంలో చేయి వేసిన కొడుకులు, కూతుళ్లు మా ప్రతి పట్టణంలో ఉన్నారు. ఇంటి నుంచి నాలుగు వరసల రోడ్డుకు తారు దారి ఉన్న, వెంట ఇద్దరు ముగ్గురికి మించి ఎక్కించుకోని, నడపడం ఇష్టమైన మనిషి వీరిలో ఎవరైనా సరే, నాలుగు గంటల ప్రయాణం తరువాత నడుము నొప్పి లేకుండా, చికాకు లేకుండా బండి దిగుతారు. నేను 52 ఏళ్ల వయసులో ఒక్కరోజున తాడిపత్రి నుంచి బెంగళూరు దాకా నడిపి, సాయంత్రం పెళ్లికి వెళ్లగలిగాను. ఎత్తైన బండి వంపుల్లో పక్కకు ఒరుగుతుంది, దానికి ఎదురుగా శరీరం తెలియకుండానే బిగుసుకుంటుంది; ఆ అలసట ఇందులో లేదు. ట్రిప్ మీటరు మొత్తం ప్రయాణానికి లీటరుకు 13 కిలోమీటర్ల పైన చూపించింది, ఇంత బలానికి నేను ఇంకా తక్కువ అనుకున్నాను.

పెద్దాయనకు చెప్పిన లెక్క కూడా ఇక్కడ రాస్తే కొందరికి పనికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇటువంటి పెద్ద బండ్లన్నిటి మీదా జీఎస్టీ 40 శాతం; అంతకు ముందు సెస్సుతో కలిపి ఈ కొలత సెడాన్ మీద 48, ఎస్‌యూవీ మీద 50 శాతం ఉండేది, కాబట్టి పన్ను కారణంగా రెండిటిలో ఒకదానికి ఇప్పుడు మొగ్గు లేదు. కట్టిన ఆ జీఎస్టీని ఫ్యాక్టరీ తన అమ్మకాల మీది పన్నులో తగ్గించుకోవడానికి, అంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి కుదరదు. 13 మందికి మించని ప్రయాణికుల బండ్లకు, అద్దెకు తిప్పడం, డ్రైవింగ్ నేర్పడం వంటి కొన్ని పనులకు తప్ప, ఆ క్రెడిట్ ఇవ్వరు. చాలామంది ఈ ఒక్క విషయంలో పొరబడి, కొన్న తరువాత మా దగ్గరికి వస్తారు. బండిని వ్యాపారం పేరు మీద కొంటే ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల రాసుకోవచ్చు. కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. సొంత వాడకం ఉన్నంత మేరకు ఆ ఖర్చును అధికారి తగ్గించవచ్చు. పది లక్షలు దాటిన బండి మీద అమ్మకందారు వసూలు చేసే ఒక శాతం పన్ను మాత్రం ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఈ లెక్కలో సెడాన్ అయినా ఫార్చ్యూనర్ అయినా ఒక్కటే. తేడా అంతా అమ్మేనాడు తెలుస్తుంది, అక్కడ ఫార్చ్యూనర్‌ది పైచేయి.

సరిగ్గా ఆ కారణం వల్లనే, వాడిన బండి కొనేవారికి ఇది మంచి బేరం. మూడు నాలుగేళ్లు నడిచిన ఈ తరగతి సెడాన్లు బెంగళూరులో కొత్త ధర కంటే బాగా తక్కువకు దొరుకుతాయి, అక్కడి రోడ్ల మీద నెమ్మదిగా నడిచినవే ఎక్కువ. అయితే కర్ణాటక నంబరుతో ఇక్కడ ఏడాదికి మించి తిప్పకూడదు. అక్కడి రవాణా ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఆంధ్ర నంబరు వేయించుకోవాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంది, కానీ ఓపిక కావాలి. పాత బండి బేరంలో ఈ రెండో పన్నును కలుపుకోని వారికి లాభమంతా అందులోనే పోతుంది.

ఇంత డబ్బుకు వేరే బండ్లు లేవా అని అడిగితే, ఉన్నాయి. మెర్సిడెస్ సీ క్లాస్ మెత్తగా సాగుతుంది, నడిపేవాడి కంటే కూర్చునేవాడికి అది నచ్చుతుంది. వేగమే ముఖ్యమనుకునేవారు 2024 మార్చిలో వచ్చిన బీవైడీ సీల్ విద్యుత్ సెడాన్‌ను చూడవచ్చు. దాని పై రకం 530 హార్స్‌పవర్‌తో 3.8 సెకన్లలో వంద అందుకుంటుంది, విడుదలైనప్పటి ధర 53 లక్షలు. ఆరు సిలిండర్ల ఇంజన్ కావాలంటే ఇదే కంపెనీ ఎం340ఐ ఉంది, అది మామూలు పొడవు బండి. తానే నడిపే మనిషికి నా మనసు దాని వైపే మొగ్గుతుంది గానీ, ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి 330ఎల్‌ఐ సరైన రాజీ.

కడపకు వెళ్లేటప్పుడు పెద్దాయనను వెనక సీటులో కూర్చోబెట్టాను, ఆయన కొడుకు బండి నడిపాడు. ఆ అబ్బాయి కర్నూలులో ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఆరేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట ఫ్యాక్టరీ చూసుకోవడానికి తిరిగి వచ్చాడు. ఇప్పటికీ ఎగుమతి పనుల మీద నెలకు మూడు సార్లు బెంగళూరు వెళ్తాడు. ముద్దనూరు దాటే దాకా పెద్దాయన వెనక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వరసలో ఆగినప్పుడు, నన్ను వెనక్కు రమ్మని తాను ముందు సీటులోకి మారారు. అక్కడి నుంచి కడప దాకా కొడుకు చేతుల వైపు, మీటరు వైపు, దాటిన ప్రతి లారీ వైపు చూస్తూ వచ్చారు. మరుసటి వారం ఫార్చ్యూనర్‌కు ఫ్యాక్టరీ పేరు మీద అడ్వాన్సు కట్టారు. సెడాన్ మాత్రం కొడుకు సొంత పేరు మీద, వాడినదే తీసుకుంటామని, బెంగళూరులో 2022 నాటి బండి ఒకటి చూశామని ఫోను చేశారు. సర్వీసు చరిత్ర మొత్తం తెప్పించుకోమనీ, బండిని జాకీ మీద ఎత్తించి అడుగు భాగం, నాలుగు టైర్ల పక్కగోడలు లోపలి వైపు నుంచి కూడా చూడమనీ, నిరభ్యంతర పత్రం చేతికి వచ్చే దాకా అడ్వాన్సుకు మించి ఒక్క రూపాయి ఇవ్వవద్దనీ చెప్పాను.